రంగం నూతిలో హాజరు

ఊరు దాటి జీడితోటల వైపు వెళ్ళే బాటలో, కుడిచేతి పక్క, ఒరలు సగం కూలిన నుయ్యి ఒకటుంది చూశారా, దాని పేరు రంగం నుయ్యి. చూసే ఉంటారు, చూడనట్టు తల తిప్పుకునే ఉంటారు. మేకల్ని తోలుకెళ్ళేవాళ్ళు అక్కడికొచ్చేసరికి మందని అదిలించి పొలాల్లోంచి చుట్టూ తిప్పుకుపోతారు, సైకిలు మీద వెళ్ళేవాడు బెల్లు కొట్టడు, పెళ్ళి బాజాలు కూడా ఆ నాలుగు గజాలూ ఆగి, దాటాక మళ్ళీ మొదలవుతాయి. ఎందుకని అడిగితే ఒకడు ఆడదెయ్యం అంటాడు, ఒకడు కొరివిదెయ్యం అంటాడు, మొన్న ఒక గుంటడు నా దగ్గరికొచ్చి తాతా అందులో మొసలి ఉందంట కదా అన్నాడు. మొసలి! ఆ ఉప్పునీళ్ళలో ఉండడానికి దానికేం ఖర్మరా?

కూర్చోండి, చెబుతాను. తెలిసింది తెలిసినట్టు చెబుతాను, తెలియనిది తెలియదంటాను. అప్పటికి నేను పుట్టలేదు. ఇదంతా అసిరమ్మ నోట విన్నది. నాకు ముప్పై ఏళ్ళు వచ్చేదాకా ఆవిడ బతికే ఉంది, అరుగు మీద కూర్చుని చింతపిక్కలు కొడుతూ చెప్పేది, ఎన్నిసార్లు చెప్పినా ఒక్క మాట అటూ ఇటూ అయ్యేది కాదు. అబద్ధం చెప్పేవాళ్ళ కథ ఏటేటా పెరుగుతుంది, ఆవిడది పెరగలేదు. నూతి దగ్గర జరిగింది చూసినవాళ్ళని మరో నలుగుర్ని నేను విడివిడిగా అడిగాను, నలుగురూ అదే చెప్పారు.

రంగం అంటే రంగూన్. మన పెద్దవాళ్ళు రంగమే అనేవారు. బారువ రేవులో ఓడెక్కితే బర్మాలో దిగడం, అక్కడ బియ్యం మిల్లుల్లో, రేవులో బస్తాలు మొయ్యడం. ఇక్కడ వానలు లేవు, అక్కడ పని ఉంది, అంతే కథ. మన ఊరినుంచి వెళ్ళినవాళ్ళని తీసుకెళ్ళినవాడు జోగులు మేస్త్రీ. మన ఊరివాడే. మేస్త్రీ అంటే గోడలు కట్టే మేస్త్రీ కాదు, మనుషుల్ని పోగుచేసి పనికి అప్పజెప్పేవాడు. ఉదయం మిల్లు కూత వెయ్యగానే అందరూ తాము పడుకునే సావిడి ముందు వరసగా నిలబడాలి, మేస్త్రీ పుస్తకం తీసి పేరు పిలవాలి, పిలిచినవాడు ఆజర్ అనాలి. హాజరని సరిగ్గా అనేవాళ్ళు ఎవరున్నారు, అందరిదీ ఆజరే. పేర్లన్నీ అయ్యాక మేస్త్రీ బర్కాస్ అంటాడు, అంటే వరస విడిపోవచ్చు, ఎవడి పనిలోకి వాడు పోవచ్చు. బర్కాస్ అనకుండా వరసలోంచి కాలు కదిపినవాడి పేరు కొట్టేస్తాడు. పేరు కొట్టేస్తే వాడికి ఆ పూట కూడూ లేదు, సావిడిలో చోటూ లేదు. దేశం కాని దేశంలో సావిడిలో చోటు పోతే ఎక్కడికి పోతాడు?

అలా మన ఊరివాళ్ళు ముప్పై నాలుగు మంది. యాభై అని కొందరు, వందని కొందరు అంటారు, వినకండి. ముప్పై నాలుగు. వాళ్ళలో ముఖలింగం ఒకడు, అసిరమ్మ మొగుడు. అసిరమ్మ ఆ సావిడిలో వాళ్ళందరికీ గంజి కాచేది.

తర్వాత యుద్ధం వచ్చింది. జపానువాళ్ళు తూర్పునుంచి వస్తున్నారు, దారులు ఒక్కొక్కటే మూసుకుంటున్నాయి, మిగిలింది సముద్రం ఒకటీ, పడమటి వైపు కొండదారి ఒకటీ. ఓడల్లో ముందు దొరలూ దొరసానులూ వాళ్ళ కుక్కలూ. కుక్కలని నేను అనడంలేదు, అసిరమ్మ కళ్ళారా చూసింది, తోలు పట్టీ వేసి నిచ్చెన ఎక్కించారట. ఇక పడమటి దారిని బయల్దేరిన కూలీల్ని పోలీసులు వంతెన దగ్గర ఆపి వెనక్కి తోలారు. ఎందుకూ అంటే, కూలీలు పోతే రేవు ఆగిపోతుందట. రేవు ఆగిపోతే యుద్ధం ఆగిపోతుందట! పట్నంలో ఉన్న లక్షమందికీ అలా బయటి తలుపు మూసి, పైనుంచి బాంబులు వస్తే కంగారుపడొద్దని కాగితాలు పంచారు. చదవడం రానివాళ్ళకి కాగితాలు!

బాంబులు వస్తాయని అందరికీ తెలుసు. మిల్లు దొర మేస్త్రీలందర్నీ పిలిచి చెప్పాడు కూడా. కూత ఒక్క తీరుగా సాగితే అది పని కూత. పైకీ కిందికీ ఏడ్చినట్టు వస్తే విమానాలు వస్తున్నట్టు, అప్పుడు అందరూ మిల్లు వెనక తవ్విన గోతుల్లోకి పోవాలి. ఇది జోగులు మేస్త్రీ విన్నాడు. విని వచ్చి మనవాళ్ళకి చెప్పలేదు. ఎందుకంటే అంతకుముందు వారంలో రెండుసార్లు ఆ ఏడుపు కూత వచ్చింది, విమానం రాలేదు, పక్క మేస్త్రీల మనుషులు గోతుల్లో కూర్చుని సగం రోజు పని ఎగ్గొట్టారు, దొర వాళ్ళమీద విరుచుకుపడ్డాడు. మన మేస్త్రీ తెలివైనవాడు. మనవాళ్ళతో ఏమన్నాడంటే, కూత ఏదైనా కూతేరా, కూత వినపడితే వరసలోకి రావాలి అన్నాడు.

ఒరే శివుడూ, ఏమిట్రా నవ్వుతున్నావు? వాళ్ళు వెర్రివాళ్ళనా? మీ బడిలో గంట కొడితే నువ్వు ఏ గంటని అడుగుతావా? ఆఁ, అడగవు. వాళ్ళూ అంతే.

ఆ రోజు పుష్యమాసం మొదట్లో, పొద్దున పది గంటల వేళ. ఎండ బాగా ఉంది. ఏడుపు కూత వచ్చింది. పట్నమంతా గోతుల్లోకి పరిగెడుతుంటే మన ముప్పై నాలుగు మందీ సావిడిలోంచి బయటికి పరిగెత్తుకొచ్చి ఆరుబయట వరసలో నిలబడ్డారు. మేస్త్రీ పుస్తకం పట్టుకొచ్చాడు. పేర్లు పిలవడం మొదలెట్టాడు. అసిరమ్మ కుళాయి దగ్గర గంజికుండ కడుగుతోంది, గోడ అడ్డం, కానీ పక్కనుంచి కనిపిస్తోంది. పదిహేడు పేర్లు పిలిచాడట. పదిహేడోది ముఖలింగం. ఆజర్ అన్నాడు. అప్పుడు చప్పుడు వినిపించింది, మేస్త్రీ తలెత్తి చూశాడు, ఆకాశంలో గుంపుగా తళతళలాడుతూ వస్తున్నాయి, పుస్తకం మూశాడు, చంకలో పెట్టుకున్నాడు, గోతుల వైపు వెళ్ళాడు. పరిగెత్తలేదట, గబగబా నడిచాడట. ఒక్క మాట అనలేదు. బర్కాస్ అనలేదు.

వాళ్ళు నిలబడే ఉన్నారు. మేస్త్రీ వస్తాడనుకున్నారు. వరసలో నిలబెట్టినవాడు పోతే మనిషి ఎటు చూస్తాడు? చప్పుడు ఎటొస్తే అటు చూస్తాడు. తలలు పైకెత్తి చూశారు. మొదటిది మిల్లు కప్పు మీద పడింది, రెండోది వాకిట్లో పడింది. ఆ తర్వాత ఒక విమానం బాగా కిందికి దిగి, వీధి పొడుగునా కాల్చుకుంటూ పోయింది. వాళ్ళు సిపాయిలు కాదు, చేతుల్లో బస్తాలు లాగే కొక్కేలు తప్ప ఏమీ లేవు, పైనున్నవాడికి అది కనబడలేదా? కనబడేంత కిందికే దిగాడు. గోడ కూలి అసిరమ్మ మీద పడింది, కుండ ఆవిడ తలకి అడ్డమయింది, బతికింది. లేచి చూస్తే వరస ఉంది, మనుషులు లేరు. వరస ఉందని ఎలా చెప్పగలనంటే, పడినవాళ్ళు పడినచోటే వరసగా పడ్డారు. ఇంతకు మించి ఆవిడ చెప్పలేదు, నేనూ చెప్పను.

నాలుగు రోజుల తర్వాత పేపర్లో వేశారు, కూలీలు విమానాల వేడుక చూడడానికి వీధుల్లోకి వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్నారని. ఎవర్ని అడిగి రాశారు? చచ్చినవాళ్ళని అడగలేరు. అసిరమ్మని అడగలేదు. మేస్త్రీలని అడిగి ఉంటారు, లేదా ఆఫీసులో కూర్చుని ఎవరో చెప్పింది రాసి ఉంటారు. అచ్చులో పడ్డాక ఇంకేముంది, జోగులు మేస్త్రీ ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని, దొర ఇచ్చిన చీటీతో ఓడెక్కి, మాఘమాసానికల్లా ఊళ్ళో దిగాడు. ఇంటింటికీ వెళ్ళి ఆ ముక్క చూపించి కన్నీళ్ళు పెట్టుకున్నాడు. నేను గోతుల్లోకి పొండిరా పొండిరా అని మొత్తుకున్నాను, వేడుక చూస్తామన్నారు, పెద్దవాణ్ణి నా మాట విన్నారా అన్నాడు. ఊరు నమ్మింది. చచ్చిన కొడుకుని తల్లులు తిట్టారు, నీకెందుకురా వేడుక అని. ఇది నాకు అన్నిటికన్నా ఎక్కువ మంట. చంపడం ఒకటి, చచ్చినవాణ్ణి కన్నతల్లి చేత తిట్టించడం ఇంకొకటి.

అంతటితో ఆగాడా? పుణ్యం కావాలిగా. బాట పక్కన తన జాగాలో నుయ్యి తవ్వించాడు. గట్టు మీద రాయి నాటించి చెక్కించాడు: రంగములో విమానముల వేడుక చూడబోయి మృతి చెందిన మన గ్రామస్థుల జ్ఞాపకార్థము. కింద తన పేరు, పెద్ద అక్షరాలతో.

అసిరమ్మ కొండదారిని నడిచి వచ్చింది. వంతెన దగ్గర పోలీసులు ఇళ్ళకి పోయాక దారి తెరుచుకుంది, అప్పటికి రేవే లేదు. నాలుగు నెలల పైన నడిచింది. దారిలో వాంతులూ భేదులతో పోయినవాళ్ళ సంగతి ఇంకో రోజు చెప్పుకోవాలి. జ్యేష్ఠమాసంలో ఊళ్ళో అడుగుపెట్టింది, సరిగ్గా నూతికి గంగపూజ చేసే రోజు. ఆవిణ్ణి ఎవరూ గుర్తుపట్టలేదు. ముష్టిదనుకుని ఎవరో అరిసెముక్క చేతిలో పెట్టారట.

కొత్త నూతి దగ్గర మనకో ఆచారం ఉంది కదా, తవ్వించినవాడు ఒరమీద వంగి తన పెద్దల పేర్లు నూతిలోకి పిలిచి మొదటి చేదనీళ్ళు వాళ్ళ పేర పారబోస్తాడు. జోగులు మేస్త్రీ తన పెద్దల్ని పిలవలేదు. రంగంలో పోయినవాళ్ళే నా పెద్దలు అన్నాడు. ఊరంతా అబ్బా ఏం మనసు అంది. జేబులోంచి పుస్తకం తీశాడు, ఆ పుస్తకమే, అందులో పేర్లున్నాయిగా. మొదటి పేరు పిలిచాడు. ముప్పై ఏళ్ళు అదే గొంతుతో పిలిచిన మనిషి, పూజకని గొంతు మారుతుందా? అదే విరుపు, అదే కసురు.

నూతిలోంచి ఆజర్ అని వినబడింది.

ప్రతిధ్వని అనుకున్నారు. కానీ ప్రతిధ్వని అయితే పిలిచిన పేరే తిరిగి రావాలి, వేరే మాట ఎలా వస్తుంది? మేస్త్రీ కూడా ప్రతిధ్వనే అనుకున్నాడో, ఆగితే నలుగురూ ఏమనుకుంటారో అనుకున్నాడో, రెండో పేరు పిలిచాడు. ఆజర్, ఇంకో గొంతు. మూడోది, ఇంకో గొంతు. చంటివాణ్ణి ఎత్తుకున్న ఒకావిడ అది మా అన్న గొంతే అని అక్కడే కూలబడింది. మేస్త్రీ చెమటలు కక్కుతున్నాడు, కానీ నోరు ఆగడంలేదు, అలవాటు పడ్డ నోరు. పదిహేడోది ముఖలింగం. ఆజర్. అక్కడ పుస్తకం మూసి వెనక్కి తిరిగాడు.

అప్పుడు అరిసెముక్క పట్టుకున్న ముష్టిది గట్టిగా అందట, "ఆ రోజూ అక్కడే మూసినావు మేస్త్రీ. మిగతా పదిహేడు మంది ఏటి సేసినారు? ఆళ్ళ పేర్లు నేవా?"

అప్పుడు గుర్తుపట్టారు. ఆవిడ నిలబడి, ఇప్పుడు నేను చెప్పినదంతా చెప్పింది. ఏడవలేదట. చెప్పి, నూతివైపు చెయ్యి చూపించి, వాళ్ళింకా వరసలోనే ఉన్నారు, బర్కాస్ అననిదే కదలరు, అను, ఒక్క మాట అను అని అడిగింది. ఇంకేమీ అడగలేదు, అతను పోవాలనీ కుళ్ళాలనీ అనలేదు. తన మొగుణ్ణి వరసలోంచి వదిలిపెట్టమంది.

పెద్దలు మేస్త్రీ దగ్గర చేరారు. పోనీ అనెయ్ జోగులూ, మాటే కదా, నీ సొమ్మేం పోతుంది అన్నారు. అతను అనను అన్నాడు. అంటే వరసలో నిలబెట్టింది నేనేనని ఒప్పుకున్నట్టు కాదా అన్నాడు. అచ్చులో పడ్డది అబద్ధమా, ఇది పిచ్చిది, అడవుల్లో తిండిలేక మతిపోయింది అన్నాడు. అక్కడితో ఆగకుండా ఇంకో మాటన్నాడు. సముద్రం ఒడ్డున విమానాలు దిగే మైదానం కడుతున్నారు, మనిషిని పంపే పని నా చేతిలో ఉంది, ఈ నూతి దగ్గర నోరు విప్పిన ఇంటివాళ్ళకి అక్కడ పని లేదు అన్నాడు. బర్మా బియ్యం ఆగిపోయి, ఊళ్ళో గంటిజావ తాగి బతుకుతున్న రోజులవి. పెద్దలు తలలు దించుకున్నారు. పూజ కొబ్బరికాయలు మాత్రం పంచుకున్నారట.

ఇక అసిరమ్మ తనే ఒర దగ్గరికెళ్ళి బర్కాస్, బర్కాస్ అని అరిచింది. ఏమీ లేదు. ఆవిడ మేస్త్రీ కాదుగా. అప్పుడు, ఇది వినండి, ఏ ఆడదీ అననిది అంది. మొగుడి పేరు పెట్టి పిలిచింది. ఆ రోజుల్లో మొగుడి పేరు నోట రావడమంటే మాటలా, చీటీలో రాయించాలన్నా పక్కనున్న పిల్ల చేత చెప్పించేవారు. ముఖలింగం అని పిలిచింది, ఊరంతా వింటుండగా. ఆడవాళ్ళు చెవులు మూసుకున్నారు. లోపలినుంచి ఆజర్ అని వచ్చింది. మేస్త్రీకి పలికినట్టే, అంతే దూరంగా. మళ్ళీ పిలిచింది. మళ్ళీ ఆజర్.

ఆవిడకి అప్పుడు తెలిసింది. ఆ పేరు పుస్తకంలోది. ఆ పేరుకి వాడు పలుకుతాడే గాని రాడు. ఒరమీద మోచేతులు ఆనించి, రోజూ సావిడి గుమ్మంలో నిలబడి పిలిచినట్టే, కాస్త విసుగ్గా పిలిచిందట, "ఓ మావా, గంజి సల్లారిపోతంది. ఎంతసేపు నిలబడతావు, రా."

ఆజర్ రాలేదు. నీళ్ళు కదిలిన చప్పుడయింది. అసిరమ్మ వెనక్కి చూడకుండా ఇంటివైపు నడిచింది, ఆవిడ వెనకాలే ఒక్కొక్కటిగా తడి అడుగులు పడ్డాయి, మిట్టమధ్యాహ్నం, రోహిణికార్తె ఎండలో, కాలిన మట్టిమీద తడి అడుగులు, బొటనవేలు కాస్త బయటికి తిరిగిన అడుగులు. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళాయి, లోపలికి వెళ్ళాయి. బయటికి వచ్చిన అడుగులు ఎవరూ చూడలేదు. ఆ తర్వాత ఎవరు ముఖలింగం అని పిలిచినా నూతిలోంచి పలుకు రాలేదు.

మర్నాడు తెల్లారకుండానే ఒక తల్లి వచ్చింది. చిట్టినాయనా, మీ అయ్య తిట్టడులేరా రా అని పిలిచింది, తడి అడుగులు వెళ్ళాయి. ఇంకో చెల్లెలు వచ్చి, ఒరే కుంటోడా అంది, అతను కుంటివాడేం కాదు, ఇంట్లో అలా వెక్కిరించేవారు. వచ్చాడు. తిట్టిన తల్లులు ఒరమీద తల కొట్టుకుని పిలిచారు. అలా పది రోజుల్లో ఇరవై మూడు మంది ఇళ్ళకి వెళ్ళారు. ఆ ఇరవై మూడు ఇళ్ళవాళ్ళకీ మైదానంలో పని దొరకలేదు. అసిరమ్మ ఇంకో పని కూడా చేసింది. గునపం తెచ్చి రాతిమీద వేడుక చూడబోయి అన్న రెండు మాటలూ చెక్కి తీసేసింది. ఇప్పటికీ ఆ రాయి అక్కడ పడి ఉంది, మధ్యలో గుంట.

ముప్పై నాలుగులో ఇరవై మూడు పోతే పదకొండు. ఆ పదకొండు ఇళ్ళవాళ్ళు రాలేదు. వాళ్ళకి పని దొరికింది.

మేస్త్రీ ఏమయ్యాడని అడుగుతారు. రక్తం కక్కుకుని చచ్చాడనో, నూతిలో పడ్డాడనో చెబితే మీకు హాయిగా నిద్రపడుతుంది. లేదు. ఎనభై ఏళ్ళు బతికాడు. పంచాయతీకి పెద్దగా చేశాడు. మంచంమీద, కొడుకులు నోట్లో తులసినీళ్ళు పోస్తుండగా పోయాడు, బాజాలతో తీసుకెళ్ళారు. దెయ్యాలు అతని వెంట్రుక కూడా పీకలేదు. ఎలా పీకుతాయి? వరస తప్పకూడదని అతనే నేర్పాడుగా, చచ్చాక కూడా తప్పలేదు వెర్రినాయాళ్ళు.

ఏమిటే కాంతం, ఏదో అడగాలని చూస్తున్నావు? ఆ పదకొండు ఇళ్ళు ఎవరివా? అడుగు, అందరూ నన్నే చూస్తున్నారుగా. ఒకటి మాది. లోపల ఉన్నవాడు మా నాన్నకి అన్న. మా తాత వెళ్ళలేదు, మా నాయనమ్మని వెళ్ళనివ్వలేదు. మా నాన్నకి మైదానంలో పని వచ్చింది, ఆ కూడు తినే నేను పెరిగాను. నేనెందుకు పిలవలేదంటావు. వెళ్ళాను. నలభై ఏళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం వెళ్ళి ఒరమీద వంగాను. నాకు పుస్తకంలో పేరు ఒక్కటే తెలుసు, గవరయ్య. పిలిచాను. ఆజర్ అన్నాడు. కుర్రగొంతు. నాకంటే ఇరవై ఏళ్ళు చిన్నవాడి గొంతు. ఇంట్లో వాణ్ణి ఏమని పిలిచేవారో నాకు తెలియదు. మా తాత ఆ మాట ఇంట్లో అననివ్వలేదు, మా నాయనమ్మ ఆ పిలుపు తనతోనే తీసుకుపోయింది, మా నాన్నని చావుమంచంలో అడిగితే గోడవైపు తిరిగాడు. మిగతా పది ఇళ్ళలోనూ అడిగాను, అందరి దగ్గరా రేషన్‌కార్డులో రాసుకునే పేర్లే మిగిలాయి. ముద్దుపేరు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు.

పొద్దుగూకింది, లేవండి ఇంక. ఆ నూతివైపు మాత్రం వెళ్ళకండి. అవి మీకేదో చేస్తాయని కాదు, చేసే రకాలైతే ఎవరికి చెయ్యాలో వాడికే చేసేవి. నువ్వు సరదాకి వంగి ఓ పేరు పిలుస్తావు, వాడు ఆజర్ అంటాడు, నువ్వు నవ్వుకుని ఇంటికొచ్చి అన్నం తిని పడుకుంటావు, వాడు మాత్రం పని మొదలైందనుకుని నువ్వేం చెబుతావోనని చూస్తూ అక్కడే నిలబడతాడు.